మా బెజవాడలో సిటీ బస్సు వదిలేసింది భయంతో కాదు

"కరోనా వచ్చాక మీ ఊళ్ళో జనం సిటీ బస్సులు ఎక్కడం ఎందుకు తగ్గించారు? రోగం అంటుకుంటుందనా?" అని అడిగారు. మాది విజయవాడ. బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో పని, కానూరులో ఇల్లు. భయం ఉన్న మాట నిజమే గానీ, అసలు కారణం అది కానే కాదు. బస్సు లేని ఆరు నెలల్లో ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు.

2020 మార్చిలో ఆగిన సిటీ బస్సులు సెప్టెంబరులో గానీ మళ్ళీ రోడ్డెక్కలేదు. మా షాపు జూన్‌లోనే తెరిచారు. ఇక షేర్ ఆటోనే గతి. డ్రైవరు తన సీటు వెనక ప్లాస్టిక్ షీటు కట్టుకుని, మమ్మల్ని మాత్రం నలుగురిని కుక్కేవాడు. పది రూపాయల దూరానికి ఇరవై.

ఆగస్టులో ఒక రాత్రి బెంజి సర్కిల్లో ఎక్కాను. నా పక్కన ఒక పెద్దావిడ, ఒళ్ళో పచ్చిమిర్చి సంచి. పటమట దాటగానే దగ్గు తెర వచ్చింది. "మిరపకాయల ఘాటమ్మా, జబ్బు కాదు" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకో పక్క కూర్చున్నాయన ఆటో ఆపించి, ఆవిడని దింపేదాకా ఊరుకోలేదు. ఆటోనగర్ గేటు దగ్గర సంచి నెత్తికెత్తుకుని నిలబడిపోయింది. నేను నోరు మెదపలేదు. ఇప్పటికీ ఆ చోటు దాటుతుంటే మనసు చివుక్కుమంటుంది. అదే బస్సయితే ఆవిడని కిటికీ పక్కన కూర్చోబెట్టి, మనమే అవతలికి జరిగేవాళ్ళం.

ఆ వారమే గాజులు తాకట్టు పెట్టి సెకండ్ హ్యాండ్ స్కూటీ కొన్నాను. షాపులో ఆరుగురం ఉంటే నలుగురు బండ్లు కొన్నారు. వడ్డీ కడుతూ, బండి ఇంట్లో పెట్టి బస్సు కోసం ఎవరు నిలబడతారు? పోనీ బండితో సుఖమా అంటే, బీసెంట్ రోడ్డులో దాన్ని పెట్టే చోటు వెతకడానికే పావుగంట. పెట్రోలు సంగతి చెప్పక్కర్లేదు. ఆ మిరపకాయల పెద్దావిడ లాంటివాళ్ళకి ఆ దారి కూడా లేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేశాక చూడండి, సిటీ ఆర్డినరీలో కాలు పెట్టే సందు లేదు. రోగభయమే కారణమైతే ఇంత కిక్కిరిసి ఎక్కుతారా? నేనూ వారానికి మూడు రోజులు పొద్దున బస్సుకే వెళ్తున్నాను. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం బెంజి సర్కిల్లో ఇంకా ఆటోలదే రాజ్యం. షాపుల్లో పనిచేసేవాళ్ళం ఇళ్ళకు బయలుదేరేది సరిగ్గా ఆ టైముకే.