గ్దాన్స్క్‌కి అమ్మానాన్నలు వస్తున్నారా? ముందు రేవుకి తీసుకెళ్లండి

"అక్కా, జూన్‌లో మా అమ్మానాన్నలు మొదటిసారి గ్దాన్స్క్ వస్తున్నారు. నాకు శని, ఆదివారాలే ఖాళీ. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అమ్మ శాకాహారి. నేనొచ్చి ఎనిమిది నెలలే అయింది, ఆఫీసు, గది తప్ప ఊరు సరిగ్గా చూసింది లేదు. రెండు రోజుల్లో వాళ్లకి ఏమేం చూపించాలి?" అని పోలండ్‌లోని ఈ రేవు పట్టణంలో ఉంటున్న ఒక తమ్ముడు అడిగాడు. వేసవి దగ్గర పడేసరికి ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు కాబట్టి ఈసారి తీరిగ్గా రాస్తున్నాను.

తమ్ముడూ, అన్నీ చూపించాలన్న టెన్షన్ ముందు వదిలేయ్. ఆ తప్పు నేను చేశాను. మావాళ్లు వచ్చినప్పుడు పెద్ద జాబితా రాసుకుని, పొద్దున తొమ్మిదికే బయల్దేరదీసి, గేట్లు, చర్చిలు, టౌన్ హాలు, మ్యూజియం అంటూ తిప్పేశాను. సాయంత్రం అమ్మ బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పేసి, "అన్నీ ఎర్ర ఇటుక గోడలే కదే, రేపు నేను ఇంట్లోనే ఉంటాను" అంది. మర్నాడు జాబితా చింపేసి నది ఒడ్డుకి తీసుకెళ్లాను. మా నాన్న విశాఖ షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరైన మనిషి. నీళ్లు, క్రేన్లు కనపడగానే ఆయన నడకే మారిపోయింది. ఈ ఊరు డబ్బు చూసింది రేవు వల్ల, దెబ్బ తిన్నదీ ఆ రేవు కోసమే. అందుకని ఊరిని నీటి వైపు నుంచి మొదలుపెట్టాలని నాకు ఆరోజే తెలిసింది.

ఒక చిన్న విషయం. ఇక్కడి పేర్లలో ఎల్ అక్షరానికి అడ్డగీత ఉంటే దాన్ని మన 'వ'లా పలకాలి. నది పేరు మోత్వావా, పెద్ద వీధి పేరు ద్వూగా. నేను ఏడాదిపాటు 'డ్లుగా' అంటూ తిరిగాను, ఎవరికీ అర్థం కాలేదు.

శనివారం పొద్దున మోత్వావా ఒడ్డున జురావ్ దగ్గర మొదలుపెట్టు. నల్లటి చెక్క ముట్టె నీళ్ల మీదికి చాచుకుని, రెండు ఇటుక బురుజుల మధ్య నిలబడి ఉంటుందే, అదే. 1442-44 నాటి రేవు క్రేను, నది వైపు నుంచి ఊళ్లోకి వచ్చే గేటు కూడా. లోపల మనిషికి మూడింతల ఎత్తున్న చెక్క చక్రాలుంటాయి. కూలీలు ఆ చక్రాల్లో దిగి గానుగెద్దుల్లా నడుస్తుంటే తాడు చుట్టుకుని బరువు పైకి లేచేది. రెండు టన్నుల సరుకుని 27 మీటర్ల ఎత్తుకి లేపేవారట. పీపాలు ఎక్కించడానికే కాదు, ఓడలకి తెరచాప స్తంభాలు నిలబెట్టడానికీ ఇదే వాడేవారు. 1945లో చెక్క భాగం కాలిపోయింది, తర్వాత మళ్లీ కట్టారు. నాన్నగారికి మెట్లు కష్టమైతే కింద నిలబడి తల పైకెత్తి ఆ చక్రాల్ని చూసినా చాలు.

అవతలి ఒడ్డున ఒవోవియాంకా ద్వీపం దగ్గర సోవ్‌దెక్ అనే పాత ఓడ కట్టేసి ఉంటుంది. యుద్ధం తర్వాత పోలండ్ కట్టుకున్న మొదటి సముద్రపు ఓడ ఇది. బొగ్గు, ఇనుప ఖనిజం మోసేది, ఇప్పుడు మ్యూజియం. 1948 నవంబరు 6న నీళ్లలోకి దించారు. ఆ తేదీ చదివి వినిపించగానే మా నాన్న ఆగిపోయారు. మన విశాఖలో కట్టిన జల ఉష కూడా 1948లోనే, మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగింది. "అయితే మా ఓడే ఎనిమిది నెలలు పెద్దది" అన్నారు గర్వంగా. ఇంకో సంగతి, ఈ ఓడకి పెట్టింది ఏ రాజు పేరో నాయకుడి పేరో కాదు, షిప్‌యార్డులో పనిచేసిన స్తనిస్వావ్ సోవ్‌దెక్ అనే కార్మికుడి పేరు. అది విన్నాక నాన్న ఇంజను గదిలోంచి గంటదాకా పైకి రాలేదు. లోపల ఇనుప నిచ్చెనల్లాంటి మెట్లు నిటారుగా ఉంటాయి. మీ నాన్నగారి మోకాళ్లకి పడవు, గట్టు మీది నుంచే చూపించు.

అక్కణ్ణించి గ్రీన్ గేటు గుండా లాంగ్ మార్కెట్‌లోకి వస్తే ఫొటోల్లో కనిపించే ఊరు ఎదురవుతుంది. రంగురంగుల సన్నటి ఇళ్లు, 1633లో నీళ్లు చిమ్మడం మొదలుపెట్టిన నెప్ట్యూన్ ఫౌంటెన్, దాని వెనక వర్తకులు కొలువుదీరిన ఆర్టుస్ కోర్టు. ఇక్కడ మీ నాన్నగారు తప్పకుండా అడుగుతారు, "ఇంత పాత ఇళ్లు ఇంత కొత్తగా ఎలా ఉన్నాయిరా?" అని. నిజం చెప్పేయ్. 1945 మార్చిలో సోవియట్ సైన్యం వచ్చినప్పుడు ఈ పాతబస్తీలో పదింట తొమ్మిది వంతులు నేలమట్టమైంది. నువ్వు చూస్తున్న గోడల్లో చాలావరకు తర్వాత పాత బొమ్మలు, ఫొటోలు దగ్గర పెట్టుకుని తిరిగి లేపినవే. ముందు వైపు పదిహేడో శతాబ్దం, తలుపు తీసి వెనక్కి వెళితే మాత్రం మామూలు పనివాళ్ల కోసం కట్టిన ఫ్లాట్లు. వెనక పెరళ్లలో బట్టలు ఆరేసి ఉంటాయి, పిల్లల ఉయ్యాలలు ఉంటాయి. ఏదైనా ఒక సందులోంచి ఆ పెరళ్లలోకి తొంగి చూడండి. నాకైతే ముందు వైపు కంటే అదే ఎక్కువ నచ్చుతుంది. కొందరు "అంతా నకలే" అని పెదవి విరుస్తారు. శిథిలాల గుట్టలోంచి ఇటుక ఇటుకా ఏరుకుని కట్టినదాన్ని నకలు అనడానికి నాకు నోరు రాదు.

సెయింట్ మేరీ చర్చికి వెళ్లండి, టవర్ మాత్రం వద్దు. దాదాపు 400 మెట్లు, లిఫ్టు లేదు. చర్చి పూర్తవడానికి 1343 నుంచి 1502 దాకా పట్టింది. ఇటుకతో కట్టిన చర్చిల్లో ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో ఇదొకటి. లోపల 1460ల్లో హాన్స్ డ్యూరింగర్ చేసిన ఖగోళ గడియారం దగ్గర మధ్యాహ్నం పన్నెండుకి కొన్ని నిమిషాల ముందే నిలబడండి, బొమ్మలు కదులుతాయి. ఇలాంటిది ఇంకో ఊళ్లో చేయకుండా ఆ పనివాడి కళ్లు పీకేశారని ఇక్కడివాళ్లు కథ చెబుతారు. మన దగ్గర తాజ్‌మహల్ కూలీల చేతులు నరికించారని చెబుతామే, అదే బాపతు. అక్కడ కనిపించే 'తుది తీర్పు' చిత్రం, మెమ్లింగ్ అనే పాతకాలపు చిత్రకారుడిది, నకలు. 1473లో సముద్రం మీద దోచి తెచ్చిన అసలు బొమ్మ ఊళ్లోనే నేషనల్ మ్యూజియంలో ఉంది. ప్రార్థన జరిగే వేళ చూడటానికి తిరగనివ్వరు కాబట్టి ఆదివారానికి పెట్టుకోవద్దు.

చర్చి వెనకే మరియాత్స్కా వీధి. ఇంటింటికీ ముందు అరుగుల్లాంటి రాతి గద్దెలు, వాటి కింద అంబరు (రాయిలా గట్టిపడిన ప్రాచీన చెట్ల బంక) నగల కొట్లు. వాన పడితే విసుక్కోకండి, చూరు నీళ్లు అక్కడి రాతి జంతువుల నోళ్లలోంచి ధారగా పడేది అప్పుడే. ఇక అంబరు సంగతి. మీ అమ్మగారు ఒక దండ కొనకుండా కదలరు, నాకు తెలుసు. నేను మొదటి ఏడాది రోడ్డు పక్క బల్ల మీద చవగ్గా వస్తోందని కొన్న దండ తీరా చూస్తే ప్లాస్టిక్. గ్లాసు నీళ్లలో ఉప్పు ఇక కరగనంత కలిపి పూస వేస్తే అసలు అంబరు తేలుతుంది, చాలా రకాల ప్లాస్టిక్ మునిగిపోతుంది. కానీ ఇంకా అంబరుగా ముదరని చెట్టు బంక కూడా తేలుతుంది, వెండిలో పొదిగినదాన్ని ఎలాగూ ముంచలేం. రసీదు, ధ్రువపత్రం ఇచ్చే కొట్లోనే కొనమను.

మధ్యాహ్నం తిండి పాలబారులో పెట్టుకోండి. పేరు చూసి పాలు అమ్మే చోటు అనుకునేవు. పోలిష్‌లో బార్ మ్లెచ్నీ, మన మెస్సు లాంటిది, చవక, వేడివేడిగా పెడతారు. పీరోగి రుస్కియే అని అడిగితే బంగాళదుంప, జున్ను కూరిన కజ్జికాయల్లాంటివి వస్తాయి. కానీ పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లే అలవాటుంది. "బెజ్ స్క్వారెక్" అని ముందే చెప్పాలి. అది లేకుండా అన్నమాట. నలెష్నికి అంటే మెత్తటి అట్లు, తియ్య జున్నుతో బాగుంటాయి. సూపుల జోలికి వెళ్లకండి, కూరగాయల సూపు అన్నా మాంసం ఉడికించిన నీళ్లతో చేసి ఉండొచ్చు. మా అమ్మ రెండో రోజు నుంచి ఆవకాయ సీసా చేతిసంచీలో వేసుకునే బయల్దేరింది.

సాయంత్రం బోటు. ఊరి ఒడ్డు నుంచి వెస్తర్‌ప్లాతే దాకా వేసవిలో బోట్లు తిరుగుతాయి. ఆ దారి కోసమైనా ఎక్కాలి. షిప్‌యార్డు క్రేన్లు, డాక్‌లు, పాత కోట పక్కనుంచి సముద్రపు మొగ దాకా వెళుతుంది. విశాఖ రేవు కాలువలోంచి డాల్ఫిన్స్ నోస్ వైపు వెళుతున్నట్టే ఉంటుంది, కొండ ఒక్కటే తక్కువ. రెండో ప్రపంచయుద్ధం మొదలైన చోట్లలో మొదటి పేరు వెస్తర్‌ప్లాతేదే. అప్పటికి ఈ ఊరు డాంజిగ్ అనే పేరుతో స్వేచ్ఛానగరం, అటు జర్మనీదీ కాదు, ఇటు పోలండ్‌దీ కాదు. మర్యాదకి చూసిపోవడానికి వచ్చామంటూ ఒక జర్మన్ యుద్ధనౌక ఆగస్టు చివర్లో రేవులో లంగరు వేసింది. 1939 సెప్టెంబరు 1 తెల్లవారుజామున అదే నౌక ఇక్కడి పోలిష్ స్థావరం మీద ఫిరంగులు పేల్చింది. లోపల ఉన్నది రెండు వందల మంది చిల్లర. ఏడు రోజులు నిలబడ్డారు. ఇప్పుడు చెట్ల మధ్య పగిలిన బ్యారక్‌లు, గుట్ట మీద 25 మీటర్ల స్మారక స్తంభం ఉన్నాయి. నేల చాలావరకు చదునే, గుట్ట ఎక్కలేకపోతే కింది నుంచే కనిపిస్తుంది. బ్యారక్ కప్పు ఎలా వంగి కూలిందో దగ్గరగా చూడండి, గైడు చెప్పేదానికంటే అది ఎక్కువ చెబుతుంది. జూన్‌లో పొద్దు తొమ్మిది దాటితే గానీ కుంగదు కనక చీకటి పడుతుందన్న కంగారు అక్కర్లేదు, చివరి బోటు వేళ ఒక్కటి చూసుకుంటే చాలు.

ఆదివారం పొద్దున షిప్‌యార్డు రెండో నంబరు గేటు. ఎదురుగా 42 మీటర్ల ఎత్తున మూడు ఉక్కు శిలువలు. 1970 డిసెంబరులో ధరలు పెంచినందుకు రోడ్డెక్కి కాల్పుల్లో చనిపోయిన కార్మికుల గుర్తు. మళ్లీ 1980 ఆగస్టులో, పింఛను రావడానికి అయిదు నెలల ముందు అన్నా వలెంతినోవిచ్ అనే క్రేను ఆపరేటరుని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమెని తిరిగి తీసుకోవాలంటూ 14న సమ్మె మొదలైంది. లెహ్ వవెన్సా అనే ఎలక్ట్రీషియను ముందు నిలబడ్డాడు, అంతకు ముందే ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. కోర్కెలు 21. వాటిని రెండు చెక్క పలకల మీద చేత్తో రాసి గేటుకి తగిలించారు. నెలాఖరుకి ప్రభుత్వం సంతకం పెట్టింది. కమ్యూనిస్టు రాజ్యంలో ప్రభుత్వం గుర్తించిన మొదటి స్వతంత్ర కార్మిక సంఘం అలా పుట్టింది, పేరు సాలిడారిటీ. ఆ పలకలు ఇప్పుడు పక్కనే తుప్పు రంగు ఉక్కుతో కట్టిన యూరోపియన్ సాలిడారిటీ సెంటర్ అనే మ్యూజియంలో ఉన్నాయి.

మా నాన్న ఆ పలకల ముందు నిలబడి ఒక్కొక్కటీ చదివి చెప్పమన్నారు. సమ్మె హక్కు, రిటైర్‌మెంట్ వయసు, ప్రసూతి సెలవు, మాంసం రేషను అన్నీ విన్నారు. 21వది శనివారాలు సెలవు కావాలని. "శనివారం సెలవు కోసం కూడా తుపాకుల ముందు నిలబడ్డారా?" అన్నారు. ఆ శనివారమే ఇప్పుడు మనం తిరుగుతున్న శనివారం అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఈ మ్యూజియానికి మూడు గంటలైనా ఉంచుకో. లోపల లిఫ్టులు, కుర్చీలు ఉన్నాయి, మోకాళ్లకి ఇబ్బంది లేదు. రెండో ప్రపంచయుద్ధం మ్యూజియం మాత్రం ఇదే విడతలో పెట్టొద్దు. చాలా పెద్దది, మనసు బరువెక్కుతుంది. ఏ నవంబరు వానలోనో నువ్వొక్కడివే వెళ్లు.

మధ్యాహ్నం ఊళ్లోనే ఉన్న ఓలివా పేట. కథీడ్రల్లో పద్దెనిమిదో శతాబ్దపు పెద్ద ఆర్గన్ ఉంది. వాయిస్తుంటే చెక్క దేవదూతలు బూరాలు ఎత్తుతారు, నక్షత్రాలు తిరుగుతాయి. అమ్మ ప్రాణం అక్కడ లేచి వచ్చింది. చుట్టూ పార్కు, నీడ, బెంచీలు. ఓపిక ఉంటే రైల్లో ఇంకో రెండు మూడు స్టేషన్లు వెళ్లి సోపోత్‌లో అర కిలోమీటరు పొడవున్న చెక్క వంతెన మీద సముద్రం చూడండి. బాల్టిక్ నీళ్లు జూన్‌లో కూడా చల్లగా కోస్తాయి, రామకృష్ణా బీచ్‌లోలా దిగిపోతారేమో, ముందే చెప్పు. మల్బోర్క్ కోట గొప్పదే, రైల్లో గంట లోపే, కానీ దానికి రోజంతా కావాలి, లోపల నడకే నడక. ఈసారికి వదిలేయ్.

ట్రామ్‌లో కాగితం టికెట్ కొంటే సరిపోదు, ఎక్కగానే పెట్టెలో పంచ్ చేయాలి. జేబులో టికెట్ ఉండి కూడా నేను జరిమానా కట్టాను. ఓలివా, సోపోత్ వెళ్లే లోకల్ రైలు టికెట్ వేరే. ఇది చదివేవాళ్లలో ఇక్కడి విద్యార్థులుంటే, 26 ఏళ్ల లోపైతే కార్డు చూపిస్తే రైల్లో 51 శాతం తగ్గుతుంది. ఆదివారాలు పెద్ద కిరాణా కొట్లు చాలావరకు మూసేస్తారు, శనివారమే పాలు, పెరుగు తెచ్చుకో. సోమవారాలు చాలా మ్యూజియాలకి సెలవు. టాయిలెట్ తలుపు మీద త్రికోణం ఉంటే మగవాళ్లకి, గుండ్రం ఉంటే ఆడవాళ్లకి. ఇది మాత్రం దిగిన రోజే చెప్పేయ్. మా నాన్న తలుపు తప్పిన కథ మా ఇంట్లో ఇప్పటికీ పండక్కోసారి చెప్పుకుంటారు.

బోటు ఎక్కేముందు ఇద్దరికీ స్వెట్టరు, నాన్నగారికి మఫ్లరు సంచీలో పెట్టుకో. జూన్ కదా అని వాళ్లు వద్దంటారు, నువ్వు పెట్టుకో.