పాపను హోం నుంచి ఇంటికి ఎప్పుడు పంపుతారు?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. మా అక్క కూతురికి 15 ఏళ్లు. బట్టల షాపులో పని ఇప్పిస్తానని తెలిసినావిడ చెన్నైకి తీసుకెళ్లి వ్యభిచారం చేయించేవాళ్లకు అప్పగించింది. పోలీసులు విడిపించి అక్కడే హోంలో ఉంచారు. మేం వెళ్లి అడిగినా పంపలేదు. పాప మీద కేసు ఉందా? ఆవిడ తరఫువాళ్లు డబ్బిస్తాం, రాజీ పడమంటున్నారు. కోర్టుకెక్కితే పరువు పోతుందని మా అక్క, బావ ఏడుస్తున్నారు. – ఒక పిన్ని

జవాబు: అమ్మా, పాప ముద్దాయి కాదు, బాధితురాలు. మీ అక్కకు, బావకు ముందు ఈ మాట చెప్పండి. ‘ఇష్టపడే వెళ్లింది’ అని ఎవరన్నా చట్టం ముందు అది చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద మైనర్‌ను ఇలా తరలించినవారికి కనీసం పదేళ్ల జైలు, యావజ్జీవం దాకా పడవచ్చు.

హోంలో ఉంచడం శిక్ష కాదు. తీసుకెళ్లింది తెలిసిన మనిషే కాబట్టి, ఇంటికి పంపితే పాపకు రక్షణ ఉంటుందా అని బాలల సంక్షేమ కమిటీ విచారిస్తుంది. ఆ జాగ్రత్త అవసరమే. అయితే జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నాలుగు నెలల్లోపు తుది ఉత్తర్వు రావాలి. అందాకా ఊరికే కూర్చోకండి. పుట్టిన తేదీ ఉన్న స్కూలు సర్టిఫికెట్, తల్లిదండ్రుల ఆధార్ తీసుకెళ్లి, పాపను మన జిల్లా కమిటీకి బదిలీ చేయమని చెన్నై కమిటీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. అదే చట్టంలోని 95వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. బదిలీ ఉత్తర్వు అందిన 15 రోజుల్లో పోలీసులు తీసుకురావాలి, వెంట మహిళా పోలీసు ఉండాలి. కమిటీ ఉత్తర్వు మీకు అన్యాయం అనిపిస్తే 30 రోజుల్లో బాలల కోర్టులో అప్పీలు చేయవచ్చు.

రాజీ మాట వినకండి. ఇవి రాజీతో కొట్టేసే కేసులు కావు. డబ్బు తీసుకుని సంతకం పెడితే కేసు బలహీనపడుతుంది, ఆవిడ రేపు ఇంకో ఇంటి పిల్లను తీసుకెళ్తుంది. బెదిరిస్తే వెంటనే పోలీసులకు రాసివ్వండి, సాక్షిని బెదిరించడమూ నేరమే.

పరువు గురించి మీవాళ్లు పడే టెన్షన్ నాకు అర్థమవుతుంది. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల విచారణ మూసిన గదిలో జరుగుతుంది, అమ్మానాన్నలు పక్కనే ఉండొచ్చు. నిందితుల ఎదుట పాపను నిలబెట్టరు. వాళ్ల లాయరు నేరుగా ప్రశ్నించడు, జడ్జి ద్వారానే అడగాలి. పేరు, ఫొటో, ఊరు, స్కూలు పేపర్లో వేయకూడదు. తోడుగా ఉండే సపోర్ట్ పర్సన్‌ను నియమించమని కమిటీని అడగండి.

ఇక ఖర్చులు. తీర్పు దాకా ఆగక్కర్లేదు, మధ్యంతర పరిహారం ఇవ్వమని ప్రత్యేక కోర్టును కోరవచ్చు. నిందితులు దొరక్కపోయినా, కేసు కొట్టేసినా పరిహారం ఇవ్వొచ్చు. ఆదాయ పరిమితికి లోబడిన కుటుంబాలకు పిల్లల రక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ (ఆర్థిక సాయం) ఉంది, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగండి. అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును పెడతారు. చిత్తూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

పాప ఇంటికొచ్చాక ఏం జరిగిందని ఎవరూ గుచ్చి గుచ్చి అడగొద్దు. తనంతట తాను చెబితే వినండి. బడిలో మళ్లీ చేర్చండి. చదువు మాన్పించి పెళ్లి చేసేద్దామని చుట్టాలు తొందరపెట్టొచ్చు. 18 నిండకుండా చేస్తే అదీ నేరమే. ఆ ప్రయత్నం జరిగితే పిన్నిగా మీరే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.