మిషన్ కూత పెడితే ప్రాణం పోతోంది

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. 32 వారాలకే కాన్పయింది. పాప 1,400 గ్రాములు. పదకొండు రోజులుగా కర్నూలు ఆసుపత్రిలో బాక్సులో పెట్టినారు. మిషన్ కూత పెట్టినప్పుడల్లా నా ప్రాణం పోతోంది. పాలు సరిగ్గా రావడం లేదు. ‘ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదు’ అని మా అత్త వచ్చినవాళ్లందరితో అంటోంది. నేను పత్తి తీయడానికి పోయినందుకే ఇట్లయిందా?

జవాబు: ముందు ఆ ఎనిమిదో నెల మాట తేల్చేద్దాం. అది వట్టిమాటమ్మా. కడుపులో ఒక్కో వారం గడిచేకొద్దీ బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడతాయి, కాబట్టి ఏడో నెలలో పుట్టిన బిడ్డకన్నా ఎనిమిదో నెల బిడ్డకే బలం ఎక్కువ. ఇక పత్తి చేను సంగతి. చాలా కాన్పులు ఎందుకు ముందొచ్చాయో డాక్టర్లే తేల్చలేరు, మీరు ఆసుపత్రి వరండాలో కూర్చుని తేలుస్తారా?

మీ ఉత్తరంలో నాకు కనబడింది ఇది: ఆ మిషన్ ఎందుకు మోగుతుందో మీకు ఎవరూ చెప్పలేదు, మీరూ భయపడి అడగలేదు. పాప కాలికి చుట్టిన చిన్న ఎర్ర లైటు చూసే ఉంటారు. అది రక్తంలో ఆక్సిజన్ కొలుస్తుంది. పాప కాలు జాడించినా, అది కాస్త జారినా మిషన్ కూత పెడుతుంది. కొన్నిసార్లు పాప నిజంగానే కాసేపు ఊపిరి తీయడం మరిచిపోతుంది, మెదడు ఇంకా ఎదుగుతోంది కదా. నర్సు అరికాలు మెల్లగా రుద్దితే మళ్లీ తీసుకుంటుంది. ఇలాంటి పిల్లలకు కెఫీన్ మందు ఇస్తారు, మన కాఫీలో ఉండేదే! గర్భం లెక్కన 36, 37 వారాలు వచ్చేసరికి ఎక్కువమందిలో ఇది తగ్గిపోతుంది. రేపు నర్సమ్మనే అడగండి, ‘అక్కా, ఇది మోగితే నేను పాపలో ఏం చూడాలి?’ అని. పాప రంగు ఎలా ఉందో, రొమ్ము ఎలా ఎగురుతోందో ఒకసారి చూపించిందంటే ఆ కూతకు సగం భయం పోతుంది. ఈ రోజు బరువెంత, పాలు ఎన్ని ఎం.ఎల్. పట్టారు, ఇవి కూడా రోజూ అడిగి రాసుకోండి.

పాల విషయం. చీకడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిపి చేయడం బిడ్డకు 34 వారాల దగ్గర వస్తుంది. మీ పాపకు ఇప్పుడు 33 దాటింది, అందుకే గొట్టంతో పడుతున్నారు. మీరు రెండు మూడు గంటలకోసారి, రాత్రిపూట కూడా, పాలు పిండుతూనే ఉండండి. చెంచాడే వచ్చినా పారబోయొద్దు, నర్సుకు ఇవ్వండి. బాలింత అని నీళ్లు తగ్గించి, కారంపొడి అన్నమే పెడుతున్నారేమో, ఆ పథ్యం మానేయండి. ఆకుకూర, పప్పు, గుడ్డు తినండి, దాహమైనప్పుడల్లా తాగండి.

డాక్టర్ సరేనంటే కంగారూ పద్ధతిలో పాపను మీ రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకోండి. పేరు కంగారూ గానీ చేసేది మాత్రం కంగారు తగ్గించడమే. 1978లో కొలంబియాలోని బొగోటాలో బాక్సులు చాలక మొదలుపెట్టారు, ఇప్పుడు బాక్సులున్న చోట కూడా చేయిస్తున్నారు. మీరు అలసిపోతే మీ ఆయన పెట్టుకోవచ్చు, అత్తగారూ పెట్టుకోవచ్చు. ఆమెను ఒకరోజు లోపలికి తీసుకుపోయి నర్సమ్మ చేతే అన్నీ చెప్పించండి, కోడలి మాటకన్నా ఆ మాట తొందరగా ఎక్కుతుంది.

పాప కుదుటపడినా మీకు రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా డాక్టర్‌కు చెప్పండి. ‘నేను ఉండి ఏం లాభం’ అనిపిస్తే మాత్రం అన్ని రోజులు ఆగొద్దు, వెంటనే చెప్పండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే సర్కారు ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఎప్పుడు ఫోన్ చేసినా డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొకటి. ఇంత తక్కువ బరువు పిల్లలకు నెల నిండేసరికి కంటి లోపలి పొర, అంటే రెటీనా, పరీక్ష చేయించాలి. ముందే డిశ్చార్జి చేస్తే ఆ తేదీ కార్డు మీద రాయించుకోండి.