ఓడ ఫొటో మీద రాయబోతున్న ఒక కొత్త రచయితకు

చిరంజీవికి,

నీ ఉత్తరం, వ్యాసం, సరుకుల ఓడ ఫొటో అందాయి. చదివించేలా రాశావు. కాకపోతే అది ఏ ఓడో తేలకముందే తుఫానులో ముంచేశావు! ఆ తుఫాను పేజీలు ముందు పక్కన పెట్టు.

ఫొటో వెనక పెన్సిల్‌తో రాసిన పేరు పట్టుకుని బయల్దేరావు. ఆ రాత ఎవరిదో, ఎప్పటిదో తెలియదు. దాన్ని పుకారు కింద జమకట్టి, భూతద్దం పెట్టి బొమ్మనే చూడు. పేరు ముందుకొస మీద ఉంటుంది. వెనక భాగంలో పేరుతోపాటు రిజిస్టరైన రేవు కూడా ఉంటుంది.

పొగగొట్టం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగు. ఓడ ఏ కంపెనీదో చాలాసార్లు చెప్పేది దాని రంగులే. నువ్వేమో 'నల్ల గొట్టం' అని రాసి ముందుకెళ్లిపోయావు. పాతకాలపు నలుపు-తెలుపు ఫొటో ప్లేట్లు, ఫిల్ములు చాలావాటిలో ఎరుపు నల్లగా పడేది, నీలం వెలిసిపోయినట్టు వచ్చేది. క్లాన్ లైన్ అనే బ్రిటిష్ కంపెనీ ఓడలకు నల్ల గొట్టం మీద రెండు ఎర్ర పట్టీలు. అలాంటి ఫొటోలో అవి నలుపులో కలిసిపోవచ్చు. బ్రిటిష్ ఇండియా అనే ఇంకో ఓడల కంపెనీవి తెల్ల పట్టీలు కాబట్టి దాక్కోవు. నీ ఫొటోలో నలుపంతా ఒకే నలుపేనా, మధ్యలో ఎక్కడైనా చిన్న తేడా ఉందా? అది చూశాకే రంగు గురించి రాయి.

ఆకారం చూసి పోల్చుకున్నానని తొందరపడకు. 1941–45 మధ్య అమెరికా ఒకే నమూనాతో లిబర్టీ అనే సరుకుల ఓడలు 2,710 కట్టింది. యుద్ధం అయ్యాక గ్రీకు యజమానులు వాటిలో చాలావాటిని కొని పేర్లు మార్చేశారు.

పేరు దొరికాక అసలు తలనొప్పి మొదలవుతుంది. ఓడ చేతులు మారితే పేరు మారుతుంది, వదిలేసిన పేరు ఇంకో ఓడకు పోతుంది. అందుకే బ్రిటిష్ ఓడైతే రిజిస్టర్ చేసినప్పుడు దానికిచ్చిన అఫీషియల్ నంబరు పట్టుకో. 1854 నాటి బ్రిటిష్ ఓడల చట్టంతో వచ్చిన ఆ నంబరు పేరు మారినా మారదు. ఓడల వివరాలు నమోదు చేసే లాయిడ్స్ రిజిస్టర్ సంస్థ ఏటేటా వేసిన పుస్తకాల్లో పాత పేర్లు, కట్టిన యార్డు, సంవత్సరం, టన్నేజ్ ఉంటాయి. ఒక్క సంచికతో సరిపెట్టుకోకుండా వరసగా తిరగెయ్యి. అన్నట్టు, గ్రాస్ టన్నేజ్ ఓడ లోపలి చోటుకు కొలత. పాత లెక్కలో వంద ఘనపుటడుగులు ఒక టన్ను. దాన్ని నువ్వు సరుకు బరువు చేసేశావు.

మనుషులు కావాలంటే సిబ్బంది ఒప్పంద పత్రాలు వెతుకు. 1863–1938 నాటి బ్రిటిష్ పత్రాల్లో ఎక్కువ భాగం కెనడాలో, న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ యూనివర్సిటీలో ఉన్నాయి. వాటికీ అఫీషియల్ నంబరే దారి. ఒక్కొక్కరి పేరు, వయసు, పుట్టిన ఊరు, ఏ పనికి ఎక్కాడు, ఎక్కడ దిగాడు అన్నీ ఉంటాయి. నన్నడిగితే నీ తుఫాను కన్నా మధ్య రేవులో చెప్పకుండా దిగిపోయిన వంటవాడు ఎవడైనా దొరికితే వాడి మీద రాయడమే మేలు.

ఇంత వెతికాక కూడా పేరు తేలకపోతే తేలలేదనే రాయి, పాఠకులు ఏమీ అనుకోరు. ఈలోగా ఫొటోను ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి పంపు. వెనక వైపు కూడా చెయ్యి, ఆ పెన్సిల్ రాత నేనూ చూడాలి.

ఆశీస్సులతో.