వయొలిన్ పట్టుకుని చెన్నై వెళ్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా అమ్మాయికి 21 ఏళ్లు, బీకాం అయిపోయింది. తొమ్మిదో ఏట నుంచి వయొలిన్ నేర్చుకుంటోంది, ఇక్కడి సంగీత కళాశాలలో డిప్లొమా కూడా చేసింది. పెళ్లిళ్లలో, రిసెప్షన్లలో వాయిస్తే ఒక్కోదానికి 3,500 ఇస్తున్నారు. ఇంట్లో ఆరుగురు పిల్లలకు నేర్పుతుంది, తలా వెయ్యి. ఇప్పుడు చెన్నై వెళ్లి కచేరీలు చేస్తానంటోంది, కుదిరితే సినిమా రికార్డింగులకూ వెళ్తుందట. వాళ్ల నాన్నేమో హైదరాబాద్ అయితే సరే, అక్కడ మా ఆడపడుచు ఉంది అంటున్నారు. మైలాపూర్‌లో హాస్టల్ వాకబు చేస్తే భోజనంతో కలిపి నెలకు పది వేలు చెప్పారు. ఇంకోపక్క సంబంధాలు వస్తున్నాయి. ఏం చేయమంటారు?
ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఊళ్లు రెండే కానీ పనులు మూడున్నాయి. పెళ్లిలో వాయించడం ఒకటి, గాయకుల పక్కన కూర్చుని కచేరీలో వాయించడం ఒకటి, స్టూడియోలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించడం ఇంకొకటి. వాయిద్యం ఒకటే అయినా మూడింటికీ కావలసిన సాధన వేరు, డబ్బు వచ్చే దారీ వేరు. అమ్మాయి వీటిలో దేనికోసం వెళ్తానంటోందో తేలనంతకాలం మీ ఇంట్లో ఈ వాదన తెగదు.

సినిమా సంగతి ముందు చెప్పేస్తాను, మీవారు హైదరాబాద్ అంటున్నది దానికోసమే అనుకుంటాను. (ఆడపడుచు గారి కోసమైతే నేను మధ్యలో దూరను.) తెలుగు సినిమా మద్రాసు వదిలి హైదరాబాద్ చేరి దశాబ్దాలైంది కానీ, తీగ వాద్యాల బృందాలు చాలావరకు చెన్నైలోనే ఉండిపోయాయి. డబ్బున్న నిర్మాతలు బుడాపెస్ట్ లాంటి చోట ఆర్కెస్ట్రాతో రికార్డు చేయించుకుంటున్నారు, లేనివాళ్లు కీబోర్డులో ఉన్న శాంపిల్స్‌తో కానిచ్చేస్తున్నారు. ఆ బృందాల్లో చోటు కావాలంటే స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) కాగితం ముందు పెట్టగానే చదివి వాయించాలి. మన పిల్లలకు సరిగమలు రాసుకుని నేర్చుకోవడమే అలవాటు. పైగా మనవాళ్లు కింద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి, స-ప-స-ప శ్రుతి చేసుకుంటారు. అక్కడ కుర్చీలో కూర్చుని, వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని, జి-డి-ఎ-ఇ శ్రుతిలో వాయించాలి. చేతికి పన్నెండేళ్లు నేర్పినదాన్ని కొంతవరకు మరిపించాల్సి వస్తుంది.

ఇంకో చిక్కుంది. స్టూడియోలో క్లిక్‌కి, అంటే హెడ్‌ఫోన్‌లో ఒకే వేగంతో ఆగకుండా కొట్టే టిక్‌టిక్‌కి, తగ్గట్టు వాయించాలి. రెండేళ్ల క్రితం గుంటూరు నుంచి ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు, ఇదే ప్రశ్నతో. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టించి, ఫోన్‌లో క్లిక్ ఆన్ చేసి, తనకు బాగా వచ్చిన వర్ణమే (కచేరీ మొదట్లో వాయించే రచన) వాయించమన్నాను. పల్లవి చక్కగా సాగింది. ముక్తాయి స్వరాల దగ్గరికి వచ్చేసరికి క్లిక్ వెనకపడింది, వాడు ముందు పరుగెడుతున్నాడు. రికార్డింగ్ వినిపిస్తే నమ్మలేదు, ఫోన్‌లోనే ఏదో తేడా ఉందన్నాడు. మూడోసారీ అక్కడే జారాడు. పక్కన మృదంగం ఉంటే ఆయన సర్దుకుపోతాడు, క్లిక్ సర్దుకోదు. మీ అమ్మాయికి ఈ పరీక్ష ఇంట్లోనే పెట్టి చూడండి.

సోలో వయొలిన్ బిట్లు కావలసినవాళ్లు మాత్రం ఇప్పటికీ ఉన్నారు. భక్తి పాటలు, షార్ట్ ఫిల్ములు, మన గుంటూరు, విజయవాడల్లో చేసే క్రైస్తవ ఆల్బమ్‌లు. వీటికి ఊరు మారక్కర్లేదు. ఒక మంచి మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, చప్పుడు లేని గది ఉంటే వాయించి ఫైలు పంపేయొచ్చు. బీఆర్‌టీఎస్ రోడ్డు హారన్ల మధ్య చప్పుడు లేని గది అంటే తెల్లవారుజామునే దొరుకుతుందేమో, అది వేరే విషయం. ఏదేమైనా, వయొలిన్ కోసమని హైదరాబాద్ వెళ్లాల్సిన అవసరం మీ అమ్మాయికి నాకు కనిపించడం లేదు.

చెన్నై మాటలో మాత్రం న్యాయం ఉంది. పక్క వాద్యం తలుపేసుకుని సాధన చేస్తే వచ్చే విద్య కాదు. గాయని ఆలాపనను ఎటు మళ్లిస్తుందో పసిగట్టి నీడలా వెళ్లాలి, ఆమె కల్పనస్వరం (అప్పటికప్పుడు అల్లే సరిగమలు) వేసి వదిలితే అందుకోవాలి. రకరకాల గాయకుల పక్కన, వారం వారం కూర్చుంటేనే అది అబ్బుతుంది. మన దగ్గర తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కచేరీలు ఉంటాయి, త్యాగరాజ ఆరాధనలు జరుగుతాయి, దసరాకి అమ్మవారి సన్నిధిలో కార్యక్రమాలు ఉంటాయి. వాటి మధ్య ఖాళీ చాలా పెద్దది.

ఇక్కడే ఉండి పెద్దవాళ్లు కాలేదా అని మీవారు అడగొచ్చు. అయ్యారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, అన్నవరపు రామస్వామి గారు ఇద్దరూ పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులే. బాలమురళి గారు మన సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేసి, తర్వాత మద్రాసు వెళ్లిపోయారు. అన్నవరపు వారు వయొలిన్‌తో విజయవాడలోనే ఉండిపోయారు, 2021లో పద్మశ్రీ ఆయన్ని ఇక్కడికే వెతుక్కుంటూ వచ్చింది. కాకపోతే ఆయనకు ఆకాశవాణిలో కొలువు ఉండేది. అలాంటి కొలువు దొరుకుతుందని ఇవాళ ఏ పిల్లకీ నేను చెప్పలేను.

విజయనగరంలో వయొలిన్ మొదలుపెట్టిన అవసరాల కన్యాకుమారి గారి దారి వేరు. మద్రాసు వెళ్లి ఎం. చంద్రశేఖరన్ గారి దగ్గర నేర్చుకున్నారు, గాయని ఎం.ఎల్. వసంతకుమారి గారికి ఏళ్ల తరబడి పక్క వాద్యం వాయించారు. 2016లో మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అందుకున్నారు, వయొలిన్ వాయించే మహిళల్లో ఆ బిరుదు తొలిసారి వచ్చింది ఆవిడకే. ముందు గురువు, తర్వాత గాయని, పేరు ఆ తర్వాత. మీ అమ్మాయి ఉత్సాహంలో హాస్టల్ ముందు వచ్చింది, గురువు పేరు ఉత్తరంలో ఎక్కడా లేదు.

అందుకని ఇప్పుడే మకాం మార్చొద్దు. ధనుర్మాసంలో మనకు పెళ్లి ముహూర్తాలు ఉండవు, మీ అమ్మాయికి పని ఉండదు. సరిగ్గా అదే మార్గళి, చెన్నైలో సంగీత సభలన్నీ కచేరీలతో కిటకిటలాడే సీజన్. ఆ నెల రోజులు పంపండి. పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగుతుంది. సాయంత్రం పెద్దవాళ్ల కచేరీలకు టికెట్ కొనాలి గానీ, మధ్యాహ్నం కుర్రవాళ్లవి చాలా సభల్లో ఉచితం. అక్కడే కూర్చోమనండి, తన వయసు వాళ్లు ఏ స్థాయిలో వాయిస్తున్నారో చూస్తుంది. కొందరు పిల్లలు ఆ దెబ్బకి నెల తిరక్కుండానే మనసు మార్చుకుని వచ్చేస్తారు, అదీ మంచిదే. సంక్రాంతికి తిరిగొచ్చేటప్పటికి రెండు పేర్లు తేవాలి: నేర్పుతానని ఒప్పుకున్న గురువు, ఇంట్లో సాధనకు పక్కన కూర్చోనిచ్చిన గాయకుడో గాయనో. రెండూ ఉంటే ఏడాదికి పంపండి. లేకపోతే మళ్లీ ధనుర్మాసం వస్తుంది.

డబ్బు లెక్క చూద్దాం. హాస్టల్ పది వేలు, గురువుగారి ఫీజు, తీగలు, ఆటోలు కలిపి 17 వేలు వేసుకోండి. ఇక్కడి సంపాదన ట్యూషన్లు ఆరు వేలు, ముహూర్తాల నెలలో మూడు పెళ్లిళ్లు తగిలితే 10,500. కాగితం మీద దాదాపు సరిపోయింది. ఆషాఢంలో, మూఢాల్లో ఆ 10,500 సున్నా. ఊరు మారితే ట్యూషన్ పిల్లల్లో ఆన్‌లైన్‌లో నిలిచేది ముగ్గురో నలుగురో. చెన్నైలో జూనియర్ కచేరీకి ఇచ్చేది ఆటో ఖర్చు దాటితే సంతోషించాలి. కాబట్టి వెళ్లినా ముహూర్తాలకు రైలెక్కి రావాల్సిందే, ఇక్కడి ఈవెంట్ల వాళ్లతో సంబంధం తెంచుకోవద్దనండి. ఆ లోటు పూడ్చడానికి నెలకు పది వేల చొప్పున ఏడాదికి లక్షా ఇరవై వేలు మీరు పెట్టగలరా లేదా అన్నది మీరూ మీవారూ కూర్చుని తేల్చుకోవాలి. అమ్మాయికీ ఆ అంకె చెప్పండి.

ఈలోగా రెండు పనులు. కేంద్ర సాంస్కృతిక శాఖ తరఫున సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం) యువ కళాకారులకు స్కాలర్‌షిప్ ఇస్తుంది, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. 18 నుంచి 25 ఏళ్ల వయసుండాలి, గురువు దగ్గర కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలి. నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండండి. రెండోది ఆకాశవాణి ఆడిషన్. పున్నమ్మతోట స్టేషన్ మీకు ఎంతో దూరం లేదు. బి గ్రేడ్‌తో మొదలై బి-హై, ఎ, టాప్ దాకా ఉంటాయి. వచ్చే డబ్బు తక్కువే, కానీ కొత్త ఊళ్లో "ఎవరమ్మా నువ్వు" అని అడిగినప్పుడు ఒక్క ముక్కలో చెప్పుకోవడానికి ఆ గ్రేడ్ పనికొస్తుంది.

హాస్టల్‌కి అడ్వాన్స్ కట్టేముందు వార్డెన్‌ను గదిలో రోజూ మూడు గంటలు వయొలిన్ వాయించనిస్తారా అని అడగండి. నాకు తెలిసిన ఒక అమ్మాయి సరే అన్నారు కదా అని చేరింది. పది రోజులకు పక్క గదిలో ఐటీ పిల్లలు నిద్ర పట్టడం లేదని గొడవ చేశారు. ఆ తర్వాత ఆరు నెలలు డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడలో సాధన చేసింది. చెన్నై ఉక్కకి తీగలు తుప్పు పట్టేవి.

సంబంధాల సంగతి మీరు నన్ను అడగలేదు, చివర్న రాసి ఊరుకున్నారు. వచ్చినవాళ్లకు "అమ్మాయి వయొలిన్ వాయిస్తుంది" అని చెబితే అందరూ ముచ్చటపడతారు. "సాయంత్రం అయిదింటికి వయొలిన్ పెట్టె పట్టుకుని వెళ్లి, రాత్రి పదకొండింటికి ఆటోలో ఇంటికొస్తుంది, పెళ్లయ్యాకా అంతే" అని చెప్పి, వాళ్ల మొహాలు చూడండి.