మీ ప్రశ్న – మా జవాబు: అడిగిందే తడవుగా తప్పుడు అడ్రసు

ప్రశ్న: మిర్యాలగూడలో మాది రైస్ మిల్లు. ఆఫీసులో, గోదాములో, ధర్మకాంటా గదిలో కలిపి 22 కంప్యూటర్లు ఉన్నాయి. ఆఫీసులో 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్, ధర్మకాంటా గదిలో 5 పోర్టుల మామూలు స్విచ్ పెట్టాము. కొద్దిరోజులుగా పొద్దున్నే మూడు నాలుగు కంప్యూటర్లకు బిల్లింగ్ సర్వర్ అందడం లేదు. మా ఐపీ అడ్రసులు 192.168.10తో మొదలవుతాయి, కానీ ఆగిపోయిన వాటిలో 192.168.0తో మొదలయ్యేవి కనిపిస్తున్నాయి. కేబుళ్లు మార్చినా ఫలితం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కేబుళ్ల తప్పేమీ లేదండీ. మీ నెట్‌వర్కులో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ మీకు తెలియకుండా రెండోది చేరింది. కంప్యూటర్ ఆన్ కాగానే తనకు అడ్రసు కావాలని అందరికీ వినబడేలా అడుగుతుంది, సాధారణంగా ముందుగా అందిన జవాబునే తీసుకుంటుంది. జవాబిచ్చినది అసలు సర్వరేనా అని తేల్చుకునే ఏర్పాటు డీహెచ్‌సీపీ ఎలా నడవాలో చెప్పే 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2131 ప్రమాణంలోనే లేదు. గేట్‌వే (బయటి నెట్‌వర్కుకు వెళ్లే దారి), డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ల పేర్లకు అడ్రసులు చెప్పే సర్వర్) వివరాలు కూడా ఆ జవాబులోనే వస్తాయి కనుక, దురుద్దేశంతో పెట్టిన సర్వరైతే మీ రాకపోకలన్నీ తన మీదుగా మళ్లించుకోగలదు. మీ దగ్గర అంత కుట్ర ఉందని నేననుకోను. ఫోన్లకు వైఫై కోసం ఎవరో ఇంటి రౌటర్ తెచ్చి, దాని లాన్ పోర్టులో (లోపలి కంప్యూటర్లను కలిపే పోర్టులో) మీ కేబుల్ పెట్టి ఉంటారు.

ముందు దాన్ని పట్టుకోండి. ఆగిపోయిన కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ /ఆల్ (ipconfig /all) అని కొడితే డీహెచ్‌సీపీ సర్వర్ అనే వరుసలో దాని అడ్రసు, ఆపైన ఏఆర్‌పీ -ఏ (arp -a) అని కొడితే దాని మ్యాక్ అడ్రసు (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) దొరుకుతాయి. ఆ మ్యాక్ ఏ పోర్టు మీద ఉందో పెద్ద స్విచ్ పట్టికలో వెతకండి. ధర్మకాంటా వైపు వెళ్లే పోర్టు మీద కనిపిస్తే, ఆ గదిలో బల్లల కింద, బీరువా వెనక చూడక తప్పదు. రౌటర్ తీసేసినంత మాత్రాన పాత అడ్రసు వెంటనే పోదు. అడ్రసును వాడుకోవడానికి సర్వర్ ఇచ్చిన గడువులో సగం గడిచేదాకా కంప్యూటర్ పొడిగింపే అడగదు కాబట్టి, ఆయా కంప్యూటర్లలో రిలీజ్ (పాత అడ్రసు వదిలేయడం), రిన్యూ (కొత్తది అడగడం) చేయించండి.

మళ్లీ ఇలా జరగకుండా ఆపేది స్విచ్‌లోని డీహెచ్‌సీపీ స్నూపింగ్. దీన్ని ఆన్ చేస్తే, మీరు నమ్మదగినదిగా గుర్తించిన పోర్టు నుంచి వచ్చే సర్వర్ జవాబులనే స్విచ్ ముందుకు పంపుతుంది, తక్కిన పోర్టుల్లో వచ్చిన వాటిని అక్కడే పడేస్తుంది. వరుస మాత్రం తప్పకూడదు: అసలు సర్వర్ ఉన్న పోర్టును ముందుగా ట్రస్ట్‌గా గుర్తించి, ఆ తర్వాతే మీ వీల్యాన్‌లో (స్విచ్‌లో మీ కంప్యూటర్లున్న విభాగంలో) స్నూపింగ్ ఆన్ చేయాలి. తారుమారైతే అసలు సర్వర్ జవాబులు కూడా ఆగి, మిల్లంతా మీ మీద పడుతుంది. సిస్కో స్విచ్‌లలో ఇంకో చిక్కుంది. స్నూపింగ్ ఆన్ కాగానే స్విచ్ కంప్యూటర్ల అభ్యర్థనలకు, అవి ఏ పోర్టు నుంచి వచ్చాయో చెప్పే ఆప్షన్ 82 అనే సమాచారం జోడిస్తుంది, కొన్ని సర్వర్లు అలాంటి వాటిని తిరస్కరిస్తాయి. ట్రస్ట్ సరిగ్గా ఉన్నా అడ్రసులు రాకపోతే ఆ జోడింపును ఆపి చూడండి.

ఏ కంప్యూటర్‌కు ఏ అడ్రసు వెళ్లిందో స్నూపింగ్ రాసుకునే పట్టిక ఆధారంగా, వేరేవాళ్ల అడ్రసు తనదని చెప్పుకునే పరికరాలను ఆపే డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ కూడా పెట్టుకోవచ్చునని మీకు ఎవరైనా చెబుతారు. మంచిదే, కానీ అదే రోజు వద్దు. ఇప్పటికే అడ్రసు తీసుకున్న కంప్యూటర్లు, చేత్తో అడ్రసు ఇచ్చిన ప్రింటర్లు ఆ పట్టికలో ఉండవు కాబట్టి, తొందరపడితే అవన్నీ తెగిపోతాయి.

ధర్మకాంటా గదిలోని చిన్న స్విచ్‌కు ఈ విద్య లేదు. అక్కడ దొంగ రౌటర్ పెడితే ఆఫీసు, గోదాము భద్రంగానే ఉంటాయి గాని, ఆ గదిలోని కంప్యూటర్లు మాత్రం దాని బారిన పడతాయి. ఆ గదికి వైఫై నిజంగా అవసరమైతే, రౌటర్‌లో డీహెచ్‌సీపీని ఆపి, దానికి మీ వరుసలో ఖాళీగా ఉన్న అడ్రసు ఒకటి ఇచ్చి, మీరే బిగించి ఇవ్వండి.