ఒకే నేమ్ సర్వర్ లోపలివాళ్లకు, బయటివాళ్లకు వేర్వేరు ఐపీ ఇవ్వాలంటే?

పేరు అడిగితే దాని ఐపీ అడ్రసు చెప్పేది నేమ్ సర్వర్. దాన్ని మీ బెంగళూరు ఆఫీసులో అడిగితే ప్రైవేట్ ఐపీ, ఇంటర్నెట్ నుంచి అడిగితే పబ్లిక్ ఐపీ రావాలన్నారు. రెండు మెషీన్లు అక్కర్లేదండీ. బైండ్ 9 అనే నేమ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ అని రెండు 'వ్యూ'లు (అడిగినవాళ్లను బట్టి వేరే జవాబిచ్చే భాగాలు) రాసి, ఒక్కోదానికి వేరే జోన్ ఫైల్ (పేర్లు, వాటి ఐపీలు ఉండే ఫైలు) ఇవ్వండి.

తిరకాసంతా వరుసలోనే ఉంది. బైండ్ పైనుంచి చూస్తూ మొదట సరిపోయిన వ్యూ దగ్గరే ఆగిపోతుంది. ఏ వ్యూ ఎవరికో చెప్పే లైను 'మ్యాచ్-క్లయింట్స్'. అందుకే అందులో ఆఫీసు సబ్‌నెట్లు (ఆఫీసు నెట్‌వర్క్ ఐపీ రేంజిలు) ఉన్న ఇంటర్నల్ ముందు, 'ఎనీ' (ఎవరైనా సరే) అన్న ఎక్స్‌టర్నల్ తర్వాత రాయాలి. వ్యూ ఒక్కటి పెట్టినా జోన్లన్నీ ఏదో ఒక వ్యూలో ఉండాల్సిందే. లేకపోతే కాన్ఫిగరేషన్ లోడ్ కాదు. బయటి వ్యూలో రికర్షన్ (తన దగ్గర లేని పేర్లను వేరే సర్వర్లను అడిగి చెప్పడం) ఆపేయండి, లేదంటే ఎవరెవరో దాడులకు మీ సర్వర్‌ని వాడుకుంటారు. చెన్నై బ్రాంచి వాళ్లు వీపీఎన్‌లో వస్తుంటే ఆ ఐపీ రేంజి కూడా ఇంటర్నల్‌లో చేర్చండి, మరిచిపోయేది సాధారణంగా ఇదే.